బెయిలొచ్చింది, షూరిటీ దొరకలేదు

రిమాండ్ అనే మాట తెలియని ఇల్లు తెలుగు రాష్ట్రాల్లో లేదు. అదంతా రాజకీయాల పుణ్యం. 2012 మే నెలలో అరెస్టయిన వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి చంచల్‌గూడ జైల్లో 16 నెలలు ఉన్నారు. 2023 సెప్టెంబరులో అరెస్టయిన చంద్రబాబు నాయుడు రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో 50 రోజులు దాటి ఉన్నారు. 2024 మార్చిలో అరెస్టయిన కల్వకుంట్ల కవిత తీహార్ జైల్లో ఐదు నెలలకు పైగా ఉన్నారు. మూడు పార్టీలు, మూడు వేర్వేరు కేసులు. ఎవరి వాదన వారిది, దాని జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. ముగ్గురూ జైల్లో ఉన్నది మాత్రం శిక్ష పడి కాదు. విచారణ ముగియకముందు, ఆమాటకొస్తే సరిగ్గా మొదలు కాకముందు. ముగ్గురి తరఫునా పేరుమోసిన లాయర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించారు. అయినా అన్ని రోజులు పట్టింది.

అలాంటి లాయరు లేనివాడికి ఎన్ని రోజులు పడుతుందో జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వెలువరించే జైలు గణాంకాలు చూస్తే కొంత తెలుస్తుంది.

2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఆ జైళ్లలో చోటున్నది 4,36,266 మందికి. వంద మంది పట్టే చోట 131 మందిని సర్దారన్నమాట. లోపలున్నవాళ్లలో శిక్ష పడినవాళ్లు 1,33,415 మంది. కేసు ఇంకా తేలని విచారణ ఖైదీలు 4,34,302 మంది, అంటే 75.8 శాతం. మిగిలిన కొద్దిమందీ ముందస్తు నిర్బంధ చట్టాల కింద ఉన్నవాళ్లూ ఇతరులూ.

ఈ అంకెల్లో రెంటిని పక్కపక్కన పెట్టి చూడండి. జైళ్లలో చోటు 4,36,266. విచారణ ఖైదీలు 4,34,302. దేశంలోని జైళ్లన్నీ విచారణ ఖైదీలతోనే నిండిపోతే ఇంకా మిగిలేది 1,964 మందికి చోటు. కోర్టు దోషులని తేల్చిన లక్షా ముప్పై మూడు వేల మంది ఆ 1,964 చోట్లలో సర్దుకోవాలి. జైలు ఉన్నది శిక్ష పడినవాళ్ల కోసమని మనం అనుకుంటాం. లెక్క ప్రకారం వాళ్లే అక్కడ అదనపు జనం.

ఇది కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. లా కమిషన్ తన 78వ నివేదికలో ఇచ్చిన లెక్క ప్రకారం 1975 జనవరి 1న జైళ్లలో విచారణ ఖైదీల వాటా 57.6 శాతం. అది చాలా ఎక్కువని కమిషన్ ఆనాడే ఆందోళన పడింది. 2016కు 67.7 శాతమైంది. కరోనా కాలంలో కోర్టులు మూతపడ్డాయి, శిక్ష పడినవాళ్లను పెరోల్ మీద ఇంటికి పంపారు, అరెస్టులు మాత్రం ఆగలేదు. 2021 చివరికి ఆ వాటా 77.1 శాతానికి ఎక్కింది. 2023 చివరికి కాస్త దిగి 73, 74 శాతం మధ్య నిలిచింది. యాభై ఏళ్ల క్రితం ఆందోళన కలిగించిన అంకెకు ఇప్పుడు దిగిరాగలిగితే పండగ చేసుకోవచ్చు.

అంకెలను తిప్పి చూస్తే

75.8 శాతం అన్న ఒక్క ముక్క పట్టుకుని ఊగిపోతే పొరపాటు పడతాం. ఒక రాత్రి జైల్లో తలలు లెక్కపెడితే వచ్చే నిష్పత్తి అది. శిక్ష పడినవాళ్లు తక్కువగా ఉన్నా అది పెరుగుతుంది. శిక్ష పడినవాళ్లను తొందరగా వదిలేసినా పెరుగుతుంది. కరోనాలో జరిగిందదే.

ఇంకో సంగతి కూడా చూడాలి. జనాభాతో పోలిస్తే మన దేశం జైల్లో పెట్టేది చాలా తక్కువ మందిని. 140 కోట్ల మందికి 5.73 లక్షల ఖైదీలంటే లక్షకు 41 మంది. అమెరికాలో అది లక్షకు 500 పైచిలుకు. ఖైదీల తలసరి లెక్కలో ప్రపంచంలో అట్టడుగున ఉన్న దేశాల్లో మనది ఒకటి. కాబట్టి ‘మన ప్రభుత్వాలు జనాన్ని జైళ్లలో కుక్కుతున్నాయి’ అనే మాట ఈ అంకెకు అతకదు. మనం పెట్టేది కొద్దిమందిని, అందులో ఎక్కువమందిని తీర్పు లేకుండా పెడతాం. ప్రపంచం మొత్తం మీద ఖైదీల్లో తీర్పు రానివాళ్లు సుమారు మూడింట ఒక వంతు. ఇంగ్లండులో ఐదింట ఒక వంతు. మన దగ్గర నాలుగింట మూడు వంతులు.

మరి ఈ విచారణ ఖైదీలు ఎన్నాళ్లు ఉంటారు? చెరువులో నీటిమట్టం చూసి ఏడాదికి ఎంత నీరు వచ్చిందో చెప్పలేం, తూము కూడా చూడాలి. 2021లో దేశంలోని జైళ్లలోకి కొత్తగా వచ్చినవాళ్లు సుమారు 18 లక్షల మంది. ఆ ఏడాది చివర లోపలున్న విచారణ ఖైదీలు 4,27,165 మంది. రెండో అంకెను మొదటిదాంతో భాగిస్తే పావు కన్నా కాస్త తక్కువ వస్తుంది. అంటే సగటున ఒక మనిషి ఉండేది మూడు నెలల లోపే. ఇది ముతక లెక్క, కానీ దిశ సరిగ్గానే చూపిస్తుంది.

మూడు నెలలే కదా అనిపించవచ్చు. రోజుకూలీకి మూడు నెలలంటే పని పోవడం, అద్దె ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల ఫీజు ఆగిపోవడం. జీతగాడైతే సస్పెన్షన్. పైగా సగటు వెనుక ఇంకో గుంపు దాక్కుని ఉంటుంది. చాలామంది వారాల్లో బయటపడతారు కాబట్టే సగటు తగ్గింది. బయటపడలేనివాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. 2022 చివరికి తీర్పు లేకుండా ఐదేళ్లు దాటి జైల్లో ఉన్నవాళ్లు 11 వేలకు పైగానే. వాళ్లు మొత్తంలో మూడు శాతం కూడా కారు. ‘కేవలం మూడు శాతం’ అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

వీళ్లు ఎవరో కూడా లెక్కల్లోనే ఉంది. మూడింట రెండు వంతుల దాకా ఎస్సీ, ఎస్టీ, బీసీ కులాలవాళ్లు. నలుగురిలో ఒకరికి అక్షరం ముక్క రాదు. ఇంకో 40 శాతం దాకా పదో తరగతి గడప తొక్కనివాళ్లు. 2022 చివర 1,500 మందికి పైగా తల్లులు తమ పిల్లలను వెంటబెట్టుకుని జైళ్లలో ఉన్నారు. ఆ పిల్లలు 1,700 మందికి పైనే.

షూరిటీల బజారు

అరెస్టు చేశాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మేజిస్ట్రేటు రిమాండ్ వేస్తారు. కేసును బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. గంజాయి పెద్ద మొత్తంలో దొరికిన కేసుల్లో, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కేసుల్లో ఆ గడువు 180 రోజుల దాకా పోతుంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో చూడగానే అరెస్టు చేయకండి, ముందు నోటీసు ఇవ్వండి అని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు ఆ మాట వింటే ఈ వ్యాసం సగానికి తగ్గేది.

ఇదంతా పేపర్లలో వచ్చే భాగం. పేపర్లలో రానిది బెయిలు ఆర్డరు వచ్చిన తరువాత జరిగేది. ఆర్డరులో చివరి వాక్యం ఇంచుమించు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: ఇన్ని వేల రూపాయలకు సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు, అంటే పూచీదారులు. ఆ ఇద్దరూ కోర్టుకు స్వయంగా రావాలి. ఆధార్ కావాలి. ఇంటి పన్ను రసీదో, పొలం పాసు పుస్తకమో, తహసీల్దారు ఇచ్చిన సాల్వెన్సీ సర్టిఫికెట్టో, ఉద్యోగి అయితే జీతం చీటీయో కావాలి. ఆ కాగితాలు నిజమో కాదో సరిచూడాలి. ఆ సరిచూసే పని మళ్లీ పోలీసుస్టేషనుకో, రెవెన్యూ ఆఫీసుకో వెళుతుంది. ఈలోగా శనివారం వస్తుంది, ఆదివారం వస్తుంది, సంక్రాంతి సెలవులొస్తాయి. అన్నీ కుదిరి విడుదల ఆర్డరు సాయంత్రం జైలుకు చేరడం కాస్త ఆలస్యమైతే ఇంకో రాత్రి లోపలే.

సొంత ఊళ్లో నలుగురు తెలిసినవాడికి ఇది చికాకు మాత్రమే. అడ్డా మీద కూలికి వచ్చిన ఒడిశా వాడికి, ఇటుక బట్టీల్లో పనిచేసే ఛత్తీస్‌గఢ్ కుటుంబానికి, ఇంటివాళ్లు వెలివేసిన వాడికి ఇది దాటలేని గోడ. పొలం ఉన్న ఇద్దరు మనుషులు అతని కోసం పని మానుకుని కోర్టుకు ఎందుకొస్తారు? అందుకే కోర్టు ఆవరణల చుట్టూ అద్దె షూరిటీల వ్యాపారం పుట్టింది. డబ్బు తీసుకుని, ముక్కూ మొహం తెలియనివాడికి పూచీ పడతారు. ఒక్కోసారి ఆ పాసు పుస్తకం కూడా నకిలీదే. నిందితుడు పారిపోకుండా కట్టడి చేయడానికి పెట్టిన పద్ధతి చివరికి ఎవరికి పనికొస్తోందో చూశారా? పారిపోదలచుకున్నవాడు డబ్బిచ్చి షూరిటీ కొనుక్కుంటాడు. పారిపోయే ఆలోచన కూడా లేనివాడు లోపల మిగిలిపోతాడు.

సుప్రీంకోర్టుకు ఇది కొత్త కాదు. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకొచ్చింది. అతనికి బెయిలిమ్మని చెప్పింది సుప్రీంకోర్టే. కింది మేజిస్ట్రేటు మాత్రం 10,000 రూపాయల షూరిటీ కావాలన్నాడు. అన్న పూచీ పడతానని వస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. కృష్ణయ్యర్ ఆ తీర్పులో ఆ మేజిస్ట్రేటును కడిగిపారేసి, 1,000 రూపాయల సొంత బాండు మీద మేస్త్రీని వదిలేయమన్నారు. మరుసటి ఏడాది బిహార్ జైళ్లలో మగ్గుతున్నవాళ్ల గురించి పత్రికలో వచ్చిన వ్యాసాల ఆధారంగా న్యాయవాది కపిలా హింగోరాణి వేసిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, తమ నేరానికి పడగల గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపినవాళ్లు బయటపడ్డారు.

ఇంత జరిగిన నలభై ఏళ్లకు పరిస్థితేమిటి? జాతీయ న్యాయసేవల సంస్థ నల్సా సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్క చూడండి. 2022 డిసెంబరు నాటికి బెయిలు వచ్చి కూడా జైల్లో ఉన్నవాళ్లు 5,029 మంది. వారిలో 2,357 మందికి న్యాయసాయం అందింది. 1,417 మంది బయటికొచ్చారు. మిగతా 3,612 మందిని వదిలేయవచ్చని ఏదో ఒక కోర్టు రాసి సంతకం పెట్టింది, అయినా వాళ్లు లోపలే ఉన్నారు. దీని తరువాత, 2023 జనవరి 31న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఆర్డరు అదే రోజో మర్నాడో ఈ-మెయిల్లో జైలు సూపరింటెండెంటుకు పంపాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జిల్లా న్యాయసేవల సంస్థకు కబురు చేయాలి. నెల గడిచినా షూరిటీలు దొరక్కపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తానే ఆలోచించాలి.

2024 ఆగస్టులో ఇంకో విడ్డూరం సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఒక వ్యక్తి మీద పలు రాష్ట్రాల్లో 13 కేసులు. అన్నింటిలోనూ బెయిలొచ్చింది. రెండు కేసులకు షూరిటీలు దొరికారు. మిగతా 11 కేసులకు కేసుకు ఇద్దరు చొప్పున 22 మంది కావాలి. ఈ రోజుల్లో పెళ్లికే 22 మంది దగ్గరివాళ్లు దొరకడం కష్టం. పాత షూరిటీలే కొత్త కేసులకూ సరిపోతారని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

కేంద్రం 2023లో పేద ఖైదీలకు సాయం పేరుతో ఒక పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి షూరిటీ కోసం 40,000 రూపాయల దాకా, శిక్ష పడ్డవాడికి జరిమానా కోసం 25,000 దాకా ప్రభుత్వమే కడుతుందని అప్పట్లో నియమం పెట్టారు. ఏడాదికి 20 కోట్ల రూపాయలు కేటాయించారు. అందుకున్నవాళ్లు మాత్రం చాలా తక్కువ. జిల్లా కమిటీ కూర్చోవాలి, ఖైదీ పేదవాడని తేల్చాలి, కాగితాలు కదలాలి. అవినీతి, మనీలాండరింగ్, మాదకద్రవ్యాల కేసులవాళ్లకు అసలు వర్తించదు. పేదరికాన్ని నిరూపించుకోవడానికి కూడా బయట ఒక మనిషి తిరగాలి. ఆ మనిషే ఉంటే షూరిటీ దొరికేదేమో.

శేషాచలం, మన్యం

ఆంధ్రప్రదేశ్ జైళ్లలో ఈ సమస్యకు రెండు ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది ఎర్రచందనం. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులను హత్య చేశారు. దారుణమైన హత్యలు. ఆ కేసులో తమిళనాడు కొండ ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలను వందల సంఖ్యలో అరెస్టు చేశారు. వారిలో ఎంతోమంది రెండేళ్లకు పైగా ఆంధ్ర జైళ్లలో ఉన్నారు. భాష రాదు, షూరిటీ ఇచ్చే బంధువు లేడు, లాయరుకు ఏం చెప్పుకోవాలో తెలియదు. 2016 మార్చిలో తిరుపతి కోర్టు వాళ్లను నిర్దోషులని వదిలేసింది. హతుల కుటుంబాలకు న్యాయం జరగలేదు, కూలీల రెండేళ్లూ తిరిగి రాలేదు.

రెండోది గంజాయి. విశాఖ మన్యం నుంచి మూటలు మోసేవాళ్లలో గిరిజన యువకులు ఉన్నారు, బయటి రాష్ట్రాల నుంచి కూలికి వచ్చినవాళ్లు ఉన్నారు. మాదకద్రవ్యాల చట్టంలో 20 కిలోలు దాటిన గంజాయి వాణిజ్య పరిమాణం. పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా శిక్ష. అందులో 37వ సెక్షను కింద బెయిలు కావాలంటే నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి ఆధారం ఉందని జడ్జికి అనిపించాలి, బయటికెళ్లి మళ్లీ చేయడని కూడా అనిపించాలి. విచారణ మొదలు కాకముందే నిర్దోషినని చూపించుకోమనడమే ఇది. విశాఖపట్నం సెంట్రల్ జైలు సామర్థ్యానికి మించి నిండిపోవడానికి ఈ కేసులే ముఖ్య కారణం. సరుకు యజమాని ఏ నగరంలోనో ఉంటాడు. పట్టుబడేది భుజాన మూట ఉన్నవాడు.

ఉపా, మనీలాండరింగ్ చట్టాల్లోనూ బెయిలు నిబంధన ఇలాగే తలకిందులుగా ఉంటుంది. భీమా కోరేగావ్ కేసులో 2018లో అరెస్టయిన కవి వరవరరావుకు 2021లో ఆరోగ్య కారణాలతో తాత్కాలిక బెయిలు, 2022 ఆగస్టులో పూర్తి బెయిలు వచ్చాయి. అప్పటికి విచారణ మొదలే కాలేదు. అదే కేసులో 84 ఏళ్ల ఫాదర్ స్టాన్ స్వామి 2021 జూలైలో కస్టడీలోనే కన్నుమూశారు. విచారణ అంతులేకుండా సాగితే ఇలాంటి చట్టాల కింద కూడా బెయిలివ్వవచ్చని సుప్రీంకోర్టు 2021లో నజీబ్ కేసులో అంది. ఏ బెంచి ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది మాత్రం ఆయా కేసుల అదృష్టం.

మూడో వంతు లెక్క

2024 జూలై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 479వ సెక్షను విచారణ ఖైదీల కుటుంబాలు బట్టీపట్టాల్సింది. పాత చట్టంలో 436ఏ ప్రకారం, ఒక నేరానికి గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపితే బెయిలు దొరికేది. కొత్త చట్టంలో అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లకు ఆ సగం మూడో వంతైంది. దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లనుకోండి. మామూలు నిందితుడికి ఏడాదిన్నర దాటాలి, మొదటిసారి వాడికి ఏడాది చాలు. పైగా మొదటిసారి వాడిని బాండు మీద వదలాలని చట్టం రాసింది. బాండంటే షూరిటీ లేని సొంత పూచీ అని అదే చట్టం రెండో సెక్షనులో నిర్వచించింది. ఈ చిన్న వాక్యం మోతీరాం తీర్పు తరువాత షూరిటీ విషయంలో వచ్చిన పెద్ద మార్పు. ఇంకో మంచి పని, దరఖాస్తు పెట్టే బాధ్యత ఖైదీ మీద కాకుండా జైలు సూపరింటెండెంటు మీద మోపింది. కొత్త చట్టానికి ముందు నమోదైన కేసులకూ ఈ లెక్కే వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

మెలిక రెండో ఉపసెక్షనులో ఉంది. ఒకటి కన్నా ఎక్కువ నేరాల్లోనో, కేసుల్లోనో విచారణ నడుస్తుంటే ఈ వెసులుబాటు లేదు. మన పోలీసు స్టేషన్లలో ఒక సంఘటనకు ఎన్ని సెక్షన్లు పెడతారో తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద కంతో అర్థమవుతుంది. ఒక దొంగ దొరికితే మండలంలో తేలని దొంగతనాలన్నీ అతని ఖాతాలో పడటం ఊరి జనానికి తెలిసిన సంగతే. ఉరి, యావజ్జీవం పడగల నేరాలకూ ఈ సెక్షను వర్తించదు.

బాధితుల మాటేమిటి?

ఇంతవరకూ చదివినవాళ్లలో కొందరికి ఒళ్లు మండుతూ ఉండాలి. దోచుకున్నవాడి గురించి ఇంత రాశావు, దోపిడీకి గురైనవాళ్ల సంగతేమిటని. న్యాయమైన ప్రశ్నే. బెయిలు మీద వచ్చి సాక్షిని బెదిరించినవాళ్లున్నారు. చంపినవాళ్లూ ఉన్నారు. బెయిలు తీసుకుని విదేశాలకు పారిపోయినవాళ్లు పేరున్నవాళ్లే. అలాంటి ప్రమాదం ఉన్న కేసులో బెయిలు నిరాకరించడం కోర్టు చేయాల్సిన పనే. నాకు పేచీ అక్కడ లేదు. ప్రమాదాన్ని కొలిచి నిరాకరించడం ఒకటి, షూరిటీ లేదని ఆపడం ఇంకొకటి. రెండోదానిలో బాధితురాలికి దక్కే రక్షణ ఏమీ లేదు. డబ్బున్న నిందితుడు మర్నాడే ఆమె వీధిలో తిరుగుతుంటాడు.

బాధితులకు నిజంగా కావాల్సింది తొందరగా వచ్చే తీర్పు, అదీ సరైన తీర్పు. 2022లో ఐపీసీ కేసుల్లో విచారణ ముగిసిన వాటిలో శిక్ష పడినవి 54.2 శాతం. దాదాపు సగం కేసుల్లో పోలీసులు తేల్చిందాన్ని కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోని ప్రతి కేసులోనూ నిందితుడు అమాయకుడని కాదు. సాక్షులు అడ్డం తిరిగి ఉండవచ్చు, దర్యాప్తు చెడి ఉండవచ్చు, పదేళ్లు గడిచి ఎవరికీ ఏదీ గుర్తులేకపోయి ఉండవచ్చు. జిల్లా, కింది కోర్టుల్లో పెండింగ్ కేసులు నాలుగున్నర కోట్లు దాటాయి, నాలుగింట మూడు వంతులు క్రిమినల్ కేసులే. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లో చెప్పింది. ఇవాళ పనిచేస్తున్నవాళ్లు సుమారు 15 మంది. ఇందులో లోగుట్టు ఏమీ లేదు. ప్రభుత్వాలు కోర్టుల మీద ఖర్చు పెట్టవు, ఎందుకంటే కోర్టు కట్టినందుకు ఎవరూ ఓటెయ్యరు. ఈ ఓటు దగ్గర ఒక తమాషా ఉంది. రిమాండులో ఉన్నవాడు ఎన్నికల్లో పోటీ చేయవచ్చు, గెలవవచ్చు. ఓటు మాత్రం వేయకూడదు.

ఆలస్యం వల్ల పుట్టే కోపం ఎక్కడికి దారితీస్తుందో తెలంగాణ 2019లో చూసింది. నవంబరు చివర శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మరుసటి వారమే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లును ఆమోదించింది: ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు. అది రాష్ట్రపతి ఆమోదం లేక చట్టం కాలేదు. 21 రోజుల్లో ఫోరెన్సిక్ నివేదిక ఎవరిస్తారు, ఎన్ని కోర్టులు కావాలి అన్న లెక్క పూల చప్పుడులో వినపడలేదు. చటాన్‌పల్లి కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పది మంది పోలీసులను విచారించాలని సిఫార్సు చేసింది.

ఇన్ని అంకెలు కలిపి చూశాక నాకు కనిపించేది ఇది. ఏడేళ్ల లోపు శిక్ష పడే, హింస లేని నేరాల్లో షూరిటీ అన్న షరతు పూర్తిగా ఎత్తేయాలి. సొంత బాండు, ఫోను నంబరు, ఆధార్, అవసరమైతే వారానికోసారి స్టేషనులో సంతకం చాలు. మోతీరాం కాలంలో మనిషి ఎక్కడున్నాడో చెప్పడానికి ఊరి పెద్ద పొలం కాగితం తప్ప ఇంకో దారి లేదు. ఇప్పుడు ప్రతివాడి జాడా ప్రభుత్వం చేతిలోనే ఉంది. అలా ఆదా అయిన పోలీసు, కోర్టు సమయాన్ని హత్యలు, అత్యాచారాల విచారణకు మళ్లిస్తే బాధితులకే మేలు. ఈలోగా లోపల మనిషున్న కుటుంబం చేయగలిగిన పనొకటుంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయరును ఇవ్వాలని న్యాయసేవల చట్టం చెబుతోంది. నల్సా హెల్ప్‌లైన్ 15100. జైలు సూపరింటెండెంటుకు 479వ సెక్షను కింద మా వాడి గడువు నిండిందని ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవచ్చు.

ఇక నిర్దోషిగా తేలినవాడికి పోయిన రోజుల మాటేమిటన్నది ఎవరూ ముట్టుకోని అంకె. బిహార్‌లో 1968లో నిర్దోషిగా తేలి కూడా 1982 దాకా జైల్లోనే ఉండిపోయిన రుదుల్ షాకు 1983లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత మొత్తం దక్కింది 35,000 రూపాయలు. పద్నాలుగేళ్లకు అది రోజుకు ఏడు రూపాయలు. హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు తరువాత అరెస్టయి నిర్దోషులుగా బయటపడిన కొందరు యువకులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడేసి లక్షల చొప్పున ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఇలా ఒక్కో కేసుకు ఒక్కో రేటు కాకుండా, తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు పరిహారం హక్కుగా దక్కేలా చట్టం చేయాలని లా కమిషన్ 277వ నివేదికలో చెప్పింది. అది 2018 ఆగస్టులో. ఆ చట్టం ఇంకా రాలేదు.